ఫార్వర్డ్ నొక్కే ముందు ధర్మరాజు రథం గుర్తు చేసుకుందాం



వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం ఒక గంట మాత్రం మా కాలనీ రామాలయంలో హైస్కూల్ పిల్లలకు భారతం కథలు చెబుతుంటాను. పోయిన వారం మాటల్లో ఫోన్ల సంగతి వచ్చింది. తొమ్మిదో తరగతి అబ్బాయి అడిగాడు: "అన్నా, ఆ మెసేజ్ నేను రాయలేదు కదా. వచ్చింది పంపానంతే. నా తప్పేముంది?"

వాడికి ద్రోణపర్వం చెప్పాను. భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపి, అశ్వత్థామ చనిపోయాడని అరిచాడు. ద్రోణుడు నమ్మలేదు. ధర్మరాజును అడిగాడు, ఆయన అబద్ధం చెప్పడు కాబట్టి. ధర్మరాజు అదే మాట చెప్పి, ఏనుగు అన్న మాట వినపడనట్టు పలికాడు. ద్రోణుడు అస్త్రాలు వదిలేశాడు. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ క్షణాన నేలను తాకింది.

ఆ మాట పుట్టించింది ధర్మరాజు కాదు. కానీ దానికి బలం వచ్చింది ఆయన నోటి నుంచే. మనం పంపితే మన అమ్మ, మన స్నేహితులు నమ్మేది కూడా అందుకే.

పిల్లలకు నా తప్పు కూడా చెప్పాను. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వచ్చాయి. వాటిని నమ్మి తెలంగాణతో సహా దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న నేను కూడా అలాంటి మెసేజ్ ఒకటి మా బంధువుల గ్రూపులో పెట్టాను. "జాగ్రత్త కోసమే కదా" అనుకున్నాను. అది అక్కడి నుంచి ఎక్కడికి పోయిందో నాకు ఈ రోజుకీ తెలియదు. మనది మనం డిలీట్ చేసినా, అవతలివాళ్లు ముందుకు పంపిన కాపీలు అలాగే ఉంటాయి.

ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. కానీ ఎన్‌క్రిప్షన్ వల్ల మెసేజ్‌లో ఏముందో కంపెనీకి కనపడదు. చివరి కాపలా మన బొటనవేలే.

గీత పదిహేడో అధ్యాయంలో స్వామి వాక్కుకు కూడా తపస్సు ఉందన్నాడు. ఆ మాట ఎవరినీ కలవరపెట్టకూడదు, నిజం కావాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. రెండు బాణాల గుర్తుతో, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని మెసేజ్ వస్తే, ఈ నాలుగూ చూసుకున్నాకే వేలు కదపండి.

అంతా విని ఆ అబ్బాయి ఫోన్ తీశాడు. "అన్నా, నిన్న మా క్లాసు అమ్మాయి గురించి ఒకటి పంపాను. అది నిజమో కాదో తెలీదు. ఇప్పుడేం చేయాలి?"

"ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ తప్పు చేశానని రాయి. రేపు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పు" అన్నాను.

వాడు అక్కడే కూర్చుని రాశాడు. నేను 2018లో చేయని పని అది.

ఈ రాత్రి మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. జై శ్రీరామ్.