పక్షము మార్చిన వకీలు

గత నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అమరాపురములో ఒక యువకుడు నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగెను. అతడు బెంగుళూరులో లా చదువుచున్నాడు. తెలుగు కన్నడములు రెండును మాటలాడుచు పెరిగిన మన ప్రాంతపు పిల్లలు చదువునకై సరిహద్దు దాటుట వింత కాదు గదా. ప్రశ్న మాత్రము నాకు వింతగానే తోచెను.

"అయ్యగారూ, మా కాలేజీకి ఒక పెద్ద వకీలు వచ్చి మాట్లాడినారు. చానా ఏండ్లు ప్రభుత్వం తరపున కంపెనీ మోసాల కేసులు నడిపి ఎందరినో జైలుకు పంపినారంట. ఇప్పుడు అదే రకం కేసుల్లో ముద్దాయిల తరపున నిలబడతారు. తక్కిన రోజుల్లో కంపెనీలకు చట్టం తప్పకుండా ఎట్ల నడుచుకోవాలో చెప్తారు. సంపాదన ఎంతో చెప్తే మీరు నమ్మరు. నాకూ అట్ల కావాలని ఉంది. తప్పా?"

నేను జవాబు చెప్పకమునుపే, వెనుక నిలుచున్న ఒక పెద్దమ్మ అందుకొనెను. "నిన్న దొంగను పట్టినోడు ఈ పొద్దు దొంగకే గొడుగు పడతాడా నాయనా?"

ఆమె కోపమును తేలికగా త్రోసివేయరాదు. సంతలో జేబు కత్తిరించినవానికి పడు దెబ్బలును, లెక్కల పుస్తకములో కోట్లు కత్తిరించినవానికి వేయు కుర్చీయు ఆమె చూచినదే. 1939లో అమెరికా దేశపు సమాజ శాస్త్రజ్ఞుడైన ఎడ్విన్ సదర్లాండ్ ఈ రెండవ జాతి నేరములకు తెల్లకాలరు నేరములని పేరు పెట్టెను. మర్యాదయు హోదాయు గలవారు తమ ఉద్యోగములోనే చేయు నేరములని ఆయన భావము. ఇందులో కత్తి యుండదు, రక్తముండదు, ఒక సంతకముండును.

అమెరికాలో ఆ యువకుడు కోరిన దారి బాగుగా నలిగిన దారి. 2012లో న్యూయార్కులో రజత్ గుప్తా అను పేరుమోసిన వ్యాపార సలహాదారుడు, తాను డైరెక్టరుగా నున్న కంపెనీ గుట్టును బయటికి చేరవేసెనని దోషిగా తేలెను. ఆయన పక్షమున వాదించిన గ్యారీ నాఫ్టాలిస్ తన యౌవనములో ఆ ప్రాసిక్యూటరు కార్యాలయములోనే పని చేసినవాడు. ప్రభుత్వ పక్షమున వాదించిన రీడ్ బ్రాడ్‌స్కీ మరుసటి సంవత్సరమే ఒక పెద్ద వకీళ్ల సంస్థలో చేరి ముద్దాయిల వైపునకు వచ్చెను. ఆ కార్యాలయమునకు అప్పుడు అధిపతియైన ప్రీత్ భరారాయు 2022లో అట్టి సంస్థలోనే చేరెను. అక్కడ దీనిని ఎవరును ద్రోహమనరు. మన పెద్దమ్మ అనును. ఎవరిది సరి?

మన తెలుగు బైబిలులో రెండు మాటలున్నవి. సాతానునకు అపవాది యని పేరు. సహోదరులమీద నేరము మోపుటయే వాని పని. యోహాను మొదటి పత్రికలో క్రీస్తునకు ఉత్తరవాది యని పేరు. కాబట్టి నేరము మోపుట చెడ్డది, పక్షమున నిలుచుట మంచిది అని కొందరు తొందరపడి తేల్చుదురు. నేనును ఒకప్పుడు అట్లే ప్రసంగించితిని, ఇప్పుడు ఒప్పుకొనను. నాతాను దావీదు ఎదుట నిలిచి అతని నేరమును బయట పెట్టిన దినమున దేవుని పనియే చేసెను. నాబోతు మీద ఇద్దరు దుష్టులు లేని నేరము మోపిన దినమున అపవాది పని జరిగెను. ఉత్తరవాది సంగతియు ఇట్లే చూడవలెను. యోహాను చెప్పిన ఉత్తరవాది మనయందు పాపము లేదని వాదించువాడు కాడు. ఆ పత్రిక వరుస చూడుడి: పాపమును ఒప్పుకొనుట ముందు వచ్చును, ఉత్తరవాది తరువాత వచ్చును. ఈ వరుసను ఎన్నో ఏండ్లు చదివియు నేను గమనింపలేదు.

ఇక లోకపు న్యాయస్థానము సంగతి. మన బార్ కౌన్సిలు నియమములను ఆ యువకుడు తన ఫోనులో తెరచి చూపెను. ఇద్దరము అరుగుమీద కూర్చుండి చదివితిమి. ప్రభుత్వ పక్షమున వాదించువాడు నిర్దోషికి శిక్ష పడకుండ చూడవలెను, ముద్దాయికి అనుకూలమైన సాక్ష్యమును దాచరాదు. ముద్దాయి పక్షమువాడు అతని దోషమును గూర్చి తన సొంత అభిప్రాయమేదైనను అతని కొరకు నిలువవలెను. ఒక వ్యవహారములో ఒక పక్షమునకు పని చేసినవాడు అదే వ్యవహారములో ఎదుటి పక్షమున వాదింపరాదు. ఫలానావాని పక్షమున ఎవరును నిలువరాదని వకీళ్ల సంఘములు తీర్మానించుట చెల్లదని సుప్రీంకోర్టు 2010లో చెప్పినది. ఇవి మంచి నియమములు. ఫేలిక్సు ఎదుట పౌలు మీద నేరము మోపుటకు తెర్తుల్లు అను కూలి వకీలు వచ్చెను. పౌలునకు అట్టి వకీలు లేడు, తన కొరకు తానే మాటలాడుకొనెను. రెండవ పక్షము లేచి మాటలాడనిదే సంగతి తేలదు.

కాబట్టి పెద్దమ్మతో ఇంతవరకు నేను విభేదింతును. పక్షము మార్చుట పాపము కాదు. పాత పనిలో నేర్చిన విద్యతో క్రొత్త పనిలో ఏమి చేయుచున్నాడనునదే అడుగవలసిన సంగతి. మోసము ఏ మూల దాగునో ప్రాసిక్యూటరు ఎరుగును. ఆ మూలలో దీపము పెట్టవచ్చును. లేదా దీపము చేరని మరియొక మూల చూపవచ్చును. రెంటికిని ఫీజు దొరకును.

ఇందుకు దూరము పోనక్కరలేదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు తన డైరెక్టర్లకు ఒక ఉత్తరము వ్రాసిరి. సత్యమను పేరు గల ఆ కంపెనీ పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. ఆ ఉత్తరములోని తక్కిన తప్పుడు లెక్కలు కూడ చేర్చిన 7,136 కోట్లు. మన జిల్లా పిల్లలు ఎందరో ఆ రోజులలో ఆ కంపెనీలో ఉద్యోగము దొరికిన చాలునని ప్రార్థించినవారే. మొదట అసలు లాభమునకును చూపిన లాభమునకును ఉన్న సందు చిన్నదేననియు, ఏండ్లు గడిచినకొలది అది పెరిగెననియు ఆయనయే ఆ ఉత్తరములో ఒప్పుకొనిరి. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానము ఆయనతో కూడ పదిమందికి ఏడేండ్ల శిక్ష విధించెను. వారు అప్పీలు చేసికొనిరి. మరుసటి నెలలో బెయిలు దొరికెను.

నన్ను కలవరపెట్టునది శిక్ష కాదు. 2008లో, అనగా గుట్టు బయటపడుటకు కొన్ని నెలలు మాత్రమే ముందు, ఆ కంపెనీకి చక్కని పరిపాలన కొరకు ఒక బహుమానము వచ్చెను. నియమములన్నియు కాగితముపై ఉండెను. గొప్ప చదువుల డైరెక్టర్లు, పేరుగల ఆడిటర్లు ఉండిరి. బ్యాంకులో సొమ్మున్నదా యని బ్యాంకునే నేరుగా అడుగుట అను చిన్నపని సరిగా జరుగలేదు; కంపెనీవారు తెచ్చి యిచ్చిన కాగితములనే ఆడిటర్లు నమ్మిరి. అమెరికా షేర్ల నియంత్రణ సంస్థ 2011లో ఆ ఆడిటర్లమీద చెప్పిన ముఖ్యమైన తప్పు ఇదే. మన సంఘములో కానుకల పెట్టె తెరచునప్పుడు ఇద్దరు కూర్చుండి లెక్కింతురు. కోశాధికారిమీద అనుమానముచేత కాదు, అతనిని శోధననుండి కాపాడుటకే. అన్ని కోట్ల కంపెనీలో ఆ రెండవ మనిషి లేడు.

ఇప్పుడు ఆ రెండవ మనిషియే ఒక ఉద్యోగమైనాడు. 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీలలో ఆడిటర్లను కొన్ని ఏండ్లకు మార్చవలెననియు, మోసము కనుగొన్న ఆడిటరు ప్రభుత్వమునకు తెలుపవలెననియు, ఉద్యోగి భయము లేక ఫిర్యాదు చేయు దారి యుండవలెననియు చెప్పినది. కంపెనీ తరపున లంచమిచ్చిన యెడల కంపెనీయే నేరస్థురాలగునని 2018లో చట్టము సవరించిరి. అయితే లంచమును ఆపుటకు తగిన ఏర్పాట్లు ఉండెనని రుజువు చేసికొన్న తప్పించుకొనవచ్చును. ఇక్కడనే మాజీ ప్రాసిక్యూటరునకు గిరాకి పుట్టును. ఏర్పాట్లు రెండు విధములు: లంచమును ఆపునవి, లంచము బయటపడిన దినమున జడ్జీగారికి చూపుటకు బీరువాలో పెట్టుకొన్నవి. రెండవ రకపువానిని తయారుచేయువాడు ఒక్క అబద్ధమును వ్రాయనక్కరలేదు. అందుచేతనే వానికి నిద్ర బాగుగా పట్టును.

బాప్తిస్మమిచ్చు యోహాను నొద్దకు సుంకరులు వచ్చి ఏమి చేయవలెనని అడిగినప్పుడు ఆయన వారిని ఉద్యోగము మానుమనలేదు. నిర్ణయించిన దానికి మించి వసూలు చేయవద్దనెను. ఇంతకంటె పొట్టిదైన నియమావళి ఏ కంపెనీకైన ఉన్నదా? అది కొలవదగిన మాట. నిన్న ఎంత వసూలు చేసితివో చూచిన తెలియును.

పెనుకొండ దగ్గరి కియా కార్ల కర్మాగారమునుండి తొమ్మిది వందల ఇంజన్లు ఏండ్ల తరబడి మాయమైనవని 2025లో ఫిర్యాదు జరిగిన సంగతి మన చదువరులు ఎరుగుదురు. ఎవరు దోషులో న్యాయస్థానము తేల్చవలసినది, మనము కాదు. లెక్క చూచువాడు ఒక రోజు కన్ను మూసిన రెండవ రోజు మూయుట సులభమని మాత్రము చెప్పగలము.

ఇంతవరకు ఆ యువకుడు తల ఊపుచు వినెను. అప్పుడు పెద్దమ్మ మరల అడిగెను: "మా చెల్లెలి కొడుకును గొర్రెల కేసులో పట్టుకపోయినప్పుడు ఇట్లాంటి వకీలు ఎవరొచ్చినారయ్యా?"

దీనికి నా యొద్ద సరియైన జవాబు లేదు. 1987 చట్టము బీదలకు ఉచిత న్యాయ సహాయము నిచ్చినది. ఆ పనికే జీతము పుచ్చుకొను వకీళ్లను నియమించు పద్ధతి 2022 తరువాత జిల్లాలలో విస్తరించినది. అది మేలే. అయినను ప్రజల సొమ్ముతో ప్రాసిక్యూటరుగా నేర్చిన విద్య చివరకు గంటల లెక్కన ఫీజు చెల్లింపగలవాని ముంగిట చేరుచున్నది. పక్షము మార్చుటలో పాపము లేదని చెప్పిన నోటితోనే, ఎల్లప్పుడును ఒకే వైపునకు మార్చుటలో ఏదో ఉన్నదని నేను చెప్పక తప్పదు.

యువకునితో ఇట్లంటిని: "ఆ వకీలుగారు మరల కాలేజీకి వచ్చిన ఒక మాట అడుగు. కక్షిదారునితో 'దాచవద్దు, పోయి ఒప్పుకో' అని ఎన్నిమార్లు చెప్పినారో, చెప్పినందుకు ఎందరు ఆయనను విడిచి పోయినారో అడుగు. ఆయన ప్రాసిక్యూటరుగా నున్నప్పుడు ముద్దాయికి పనికివచ్చు కాగితము దొరికిన ఏమి చేసినారో అదియు అడుగు."

"అట్ల అడిగితే నాకు ఉద్యోగం ఇవ్వరు, అయ్యగారూ" అని అతడు నవ్వెను. పెద్దమ్మ నవ్వలేదు. మడకశిర బస్సు వచ్చుటచేత అతడు సంచి తీసికొని లేచెను. మెట్లు దిగుచు వెనుకకు తిరిగి, గొర్రెల కేసు ఏ కోర్టులో ఉన్నదని ఆమెను అడిగెను.