బంటుని అడిగామా?

మాది కాజీపల్లి. ఇంట్లో మగవాళ్ళ షిఫ్టులని బట్టి అన్నం కుక్కర్లు కూసే ఊరు. మొన్న ఆదివారం మా వారికి డ్యూటీ పడింది. ఆడేందుకు తోడు దొరక్క మా అబ్బాయి చదరంగం బల్ల ముందు నన్ను కూర్చోబెట్టాడు.

"అమ్మా! గళ్ళు 64 ఉన్నా పట్టంతా నడిమి నాలుగింటిదే. అక్కడ ఎదుటివాడి బంటు పాతుకుపోయిందనుకో, నెడితే కదలదు. అందుకని పక్కనున్న మన బంటుని ఎరగా పెడతాం. దాన్ని తినడానికి వాడి బంటు నడిమి వదిలి పక్కకొస్తుంది. ఇక అక్కడ మనదే రాజ్యం" అన్నాడు. దీన్నే క్వీన్స్ గాంబిట్ అంటారట.

"మరి ఆ పోయిన బంటు?"

"పోతే పోయిందిలే! నడిమి మనది కదా!"

నవ్వబోయి ఆగిపోయాను. అక్కయ్య గుర్తొచ్చింది.

ఇద్దరికీ ఫీజులు కట్టలేక నాన్న అక్కయ్యని పదో తరగతితో మాన్పించారు. నేను బి.ఎ. చదివి నవలలు రాస్తున్నాను. "పెద్దది ఎంత త్యాగం చేసిందో!" అని ఇప్పటికీ మా ఇంట్లో మురిసిపోతారు. అసలు దాన్నెవరడిగారు? ఓ రోజు పుస్తకాల సంచీ అటకెక్కింది, అంతే.

కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. కూతురికి ఆట నేర్పడం కోసం తండ్రి అశోక్ గారు ఉద్యోగం వదులుకున్నారు. ఆయన ఒడ్డింది తనదాన్ని. దాన్ని త్యాగం అంటే నాకు అభ్యంతరం లేదు. ఎదుటివాళ్ళది ఒడ్డి, ఆ పేరే పెట్టుకుంటే మాత్రం ఎలా?

మా చుట్టుపక్కల చూడండి. ఫ్యాక్టరీలొచ్చాయి, మాలాంటి వాళ్ళకి జీతాలొచ్చాయి. చెరువులూ, నక్కవాగూ మాత్రం వ్యర్థజలాలతో పాడయ్యాయి. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్ళారు. అభివృద్ధి కోసం రైతులు త్యాగం చేశారని సభల్లో ఎవరైనా అంటే, ఆ మాట వినడానికి నాకు సిగ్గేస్తుంది. ఆ నీళ్ళు పాడుచేసుకుంటామని వాళ్ళెప్పుడు ఒప్పుకున్నారు?

కొయ్యబంటుకి నోరు లేదు గనక ఆటలో తప్పు లేదు. మనుషులకి నోరుంది. అడగవలసింది మనమే.

ఆ రాత్రి అక్కయ్యకి ఫోన్ చేశాను. "అప్పుడు నిన్నడిగుంటే ఏమనేదానివక్కయ్యా?"

చాలాసేపు మాట్లాడలేదు.

"ఒప్పుకునేదాన్నేనేమోనే, నీకోసమేగా! కానీ ఒక్కమాట అడిగుంటే బావుండేది" అంది.