పుట్టగొడుగుకు ఆశ్రయదోషం

పుట్టగొడుగు తినవచ్చా అన్నది మా ఇంట్లో పాత ధర్మసందేహం. మోపిదేవి దగ్గర మా ఊళ్లో నాయనమ్మ దాన్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదు. మనుస్మృతి ఐదో అధ్యాయం ఉల్లి, వెల్లుల్లితో పాటు పుట్టగొడుగునూ, అశుద్ధంలో మొలిచినవాటినీ ద్విజులకు నిషేధించింది. ఆమెకు ఆ శ్లోకం తెలియదు. "పెంట మీద పుట్టింది ఒంటికి పట్టదురా" అనేది, అంతే. మా పాలేరు భార్య మాత్రం తొలకరి పడగానే గడ్డివాము అడుగున మొలిచినవి కొంగులో కోసుకెళ్లి పులుసు పెట్టేది. నాయనమ్మ ముఖం చిట్లిస్తే, "చోటు చూసే కోస్తామండీ అమ్మగారూ, ఎక్కడ పడితే అక్కడ కొయ్యం" అనేది.

సంస్కృతం చెప్పి రిటైరై విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్న నాకు, ఇద్దరూ పట్టించుకున్నది చోటునే అని ఇప్పుడు తోస్తోంది.

ఆహారశుద్ధి వల్ల అంతఃకరణశుద్ధి అన్నది ఛాందోగ్యం మాట. అక్కడ ఆహారమంటే ఇంద్రియాలు లోపలికి తెచ్చుకునే శబ్దాది విషయాలని శంకరులు భాష్యం రాశారు. రామానుజులు తినే అన్నం దగ్గరే నిలబడ్డారు. అన్నానికి జాతి, ఆశ్రయం, నిమిత్తం అని మూడు దోషాలను శ్రీభాష్యం చెబుతుంది. స్వభావంతో వచ్చేది మొదటిది. వెంట్రుకో మురికో పడితే వచ్చేది చివరిది. నడిమిది, ఆ అన్నం ఎవరిదన్న విచారణ. మనవాళ్లు దాన్ని కులానికి కట్టి, సాటి మనిషి చేతి మంచినీళ్లను కూడా మైల అన్నారు. అంతకంటే ఘోరం లేదు.

పుట్టగొడుగుకు ఆశ్రయం మట్టి. అది మొక్కలా ఎండతో ఆహారం తయారుచేసుకోలేదు. సన్నటి పోగులుగా నేలలోకి, కుళ్లిన గడ్డిలోకి పాకి, రసాలు వదిలి, బయటే జీర్ణం చేసి పీల్చుకుంటుంది. అక్కడ కాడ్మియం, పాదరసం, సీసం ఉంటే వాటినీ పీలుస్తుంది. కొన్ని జాతులు మట్టిలో ఉన్నదానికంటే ఎక్కువ మోతాదులో పోగేసుకుంటాయి. కడిగితే పోదు, ఉడికిస్తే లోహం నశించదు. 1986లో చెర్నోబిల్ అణుప్రమాదం నుంచి వచ్చి పడిన రేడియోధార్మిక సీజియం దశాబ్దాల తర్వాత కూడా జర్మనీలో బవేరియా అడవుల పుట్టగొడుగుల్లో కనిపించింది. కాడ్మియం మన మూత్రపిండాల్లో చేరితే, అందులో సగం పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. జపాన్‌లో జింజూ నది వెంట గని కాడ్మియం వరిపొలాల్లోకి దిగి, ఆడవాళ్ల ఎముకలు దగ్గినా విరిగేంత పెళుసైపోయాయి. అది కాలుష్యం తెచ్చిన జబ్బేనని 1968లో గాని ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 2010లో కాడ్మియానికి ఒక హద్దు పెట్టారు. 60 కిలోల మనిషికి, తిన్నదంతా కలిపి, నెలకు 1.5 మిల్లీగ్రాములు. మంచి గడ్డి మీద పెంచిన పుట్టగొడుగుల కూర వారానికోసారి తింటే ఆ హద్దు దాటుతామన్న భయం అక్కర్లేదు. దిబ్బల పక్కన ఏరుకుని రోజూ తినే ఇంటి పిల్లల గురించే నా దిగులు.

మన మట్టి ఎలా ఉంది? ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 1979 నుంచి బొగ్గు మండుతోంది. బొగ్గు బూడిదలో ఈ లోహాల ఆనవాళ్లుంటాయి. ఆ పక్కనే కొండపల్లి అడవి. ఫాస్ఫేట్ ఎరువులతో రాతిలోని కాడ్మియం కొంత పొలానికి చేరుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఊరి మురుగు బురదై ఇళ్లలో పేరుకుంది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, పుట్టమన్ను చెవులకు పెట్టుకునేవాళ్లం మనం. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు పుట్టలోనే వెలిశాడని నమ్ముతాం. ఆ పుట్ట మీద మొలిచిన పుట్టకొక్కు తినడానికి పనికిరాకుండా మట్టిని చెరిచి, అదే మన్ను చెవికి పెట్టుకుంటే ఏం పుణ్యం?

బుద్ధుడికి చివరి భోజనం పెట్టినవాడు చుందుడనే కమ్మరి. అది పంది మాంసమని కొందరు, పందులు తొక్కిన చోట మొలిచిన పుట్టగొడుగులని కొందరు వ్యాఖ్యానించారు. మిగిలింది గోతిలో పూడ్చమన్నాడు బుద్ధుడు. చుందుడి మనసులో పశ్చాత్తాపం లేకుండా చూడమని ఆనందుడికి చెప్పాడు. ఘంటసాల, భట్టిప్రోలు స్తూపాలున్న ఈ డెల్టాలో ఆ మాట ఇంకా నిలవాలి. తెలియక బుట్టలో తెచ్చి అమ్మే ఆమెకు పాపం లేదు. తెలిసి నేలలో విషం కలిపేవాడిదే ఆశ్రయదోషం. తెలిసీ అడగని మనకూ అందులో వాటా ఉంది.

రైతుబజారులో కొనేటప్పుడు గడ్డి ఎక్కడిదో, ఆవిరి పట్టారో, ఫార్మాలిన్, కార్బెండజిమ్ కలిపిన నీళ్లలో నానబెట్టారో అడగండి. చెత్తదిబ్బల పక్కన, బూడిద చెరువుల దగ్గర, మురుగు పారే గట్ల మీద మొలిచినవి కొయ్యకండి. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు కోసం మట్టిలో 12 అంశాలు పరీక్షిస్తారు. వాటిలో కాడ్మియం లేదు, సీసం లేదు. చేర్చమని మీ గ్రామసభలో లేచి అడగండి.