అమ్మబోవు ఇంటికి మరమ్మతు

ఇల్లు కట్టి చూడుమనిరి, పెండ్లి చేసి చూడుమనిరి మన పెద్దలు. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము చెప్పినట్లు లేదు. పూర్వము ఇల్లు అమ్ముట అరుదు గనుక ఆ మాట పుట్టుటకు అవకాశము లేకపోయి యుండవచ్చును. నేడు అట్లు గాదు. చదువులకును ఉద్యోగములకును పిల్లలు పట్టణములకు పోయిన పిమ్మట, పాత యిండ్లు తాళములతో నిలిచి, పాళ్ళు తేలినపుడో అప్పులు పెరిగినపుడో అమ్మకమునకు వచ్చుచున్నవి. అట్టి యింటిని ఉన్నదున్నట్లు చూపినచో కొనవచ్చినవారు మొగము చిట్లింతురు. కావున కొంత పైకము వెచ్చించి, చూడముచ్చటగా జేసి చూపుట వాడుకయైనది. అందు ఎంతవరకు మరమ్మతు, ఎచ్చట నుండి మోసము? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో గాక, రెండేండ్ల క్రిందట మా తాతగారు కట్టిన మిద్దెలో ఎదురైనది.

మాది కర్నూలు ప్రాంతపు పాత మిద్దె. రాతిగోడలు, రాళ్ళ నడుమ మట్టి, పైన సున్నపు పూత. దూలములపై దంతెలు, దంతెలపై పలుచని బండలు, వానిపై జానెడు మందమున చౌడు మన్ను. చౌడు పైరునకు శత్రువు గాని ఇంటికప్పునకు మిత్రము. వాన తగిలినంతనే మెత్తబడి తన సందులు తానే పూడ్చుకొని నీటిని క్రిందికి విడువదు. అయితే దానిని ఏటేట తొలకరికి ముందు క్రొత్త మన్ను పోసి సరిచేయుచుండవలెను. మా నాయనగారున్నంత కాలము ఆ పని తప్పలేదు. ఆయన పోయిన తరువాత ఆరేండ్లు మాలో ఎవరును మిద్దె యెక్కలేదు. ఫలితముగా నడిమింటి గవాచి చుట్టును తడి, పడమటి గోడ మోకాలెత్తున ఉప్పు పూసి పెచ్చులు, వంటింటి దూలము గోడలో దిగినచోట చెద. తక్కినదంతయు గట్టిదే. బేతంచెర్ల బండల నేల నిన్న పరచినట్లుండెను.

పాలివారము ముగ్గురము: అక్క, నేను, తమ్ముడు. బావగారు గతించిన తరువాత అక్కకు చేతికి రాదగిన ధనము ఈ యింటి పాలు తప్ప వేరు లేదు. మరమ్మతునకు 90,000 రూపాయలు మించరాదని నిర్ణయించుకొంటిమి. ఆ సొమ్ముతో ఏమి చేయవలెనో మొదట నాకును తెలియలేదు. పని సాగిన కొలది తెలిసినదేమనగా, పాత యింటికి అన్నిటికంటె చవుకయైన అలంకారము ఖాళీ. విరిగిన మంచములు, తుప్పుపట్టిన డబ్బాలు, ఎన్నడో చచ్చిన రేడియో, మూడు తరముల పంచాంగములు, అన్నియు కలిసి మూడు ట్రాక్టర్లకు వచ్చినవి. అవి పోగానే గదులు పెద్దవైనట్లు తోచినవి. రెండవది వెలుతురు. గవాచికి కప్పిన రేకు తీసి గాజుపలక అమర్చగా నడిమిల్లు పగటివేళ దీపము లేకయే కనబడెను. తలుపులకు రంగు వేయక సోడానీళ్ళతో కడిగి నూనె పట్టించినందున లోపలి టేకు పైకి వచ్చెను. పిమ్మట మిద్దెపై మొలచిన చెట్లను వేళ్ళతో పెరికించి, క్రొత్త చౌడు పోయించి, నీరు పోవు తూములు శుభ్రము చేయించితిని. పాత కరెంటు తీగెలు మార్పించితిని. ఇంతవరకు నా మనస్సునకు ఏ బాధయు లేదు. ఇవి నేను ఆ యింటనే కాపురముండ దలచినను చేయదగిన పనులు.

అటుపిమ్మట మేస్త్రి ఒకనాడు పడమటి గోడ యొద్ద నిలిచి, "సారూ, దీన్ని గోకి సిమెంటు కొట్టి, పైన పుట్టీ లాగి రంగేస్తే అద్దమే అనుకోండి. దూలం కనపడకుండా కింద పీఓపీ సీలింగు వేసేద్దాం. ఎట్లాగూ చూసేవాళ్ళు ఎండాకాలంలోనే కదా వచ్చేది!" అనెను. వ్యయము గూడ లెక్కకట్టి చెప్పెను. మేము అనుకొన్న మొత్తములోనే సరిపోవును.

మేస్త్రి దుర్మార్గుడు గాడు; ఊరిలో అందరును కోరు పనినే చెప్పెను. అయినను ఆ గోడ సంగతి వినదగినది. నేల నుండి తడి గోడలోనికి ఎగబ్రాకును. సున్నపు పూత ఆ తడిని గాలిలోనికి విడిచిపుచ్చును; ఉప్పు పైకి పూసినను గోడ ఊపిరి పీల్చుచుండును. దానిపై సిమెంటు కొట్టినచో తడికి బయటికి దారి ఉండదు. అది లోపలనే నిలిచి మట్టి సందులను నానబెట్టి, ఒకటి రెండు వానకాలములు గడువగానే సిమెంటును పలకలు పలకలుగా ఊడదన్నును. అప్పటికి గోడ మునుపటికంటె బలహీనమై యుండును. అనగా ఆ మరమ్మతు దోషమును కప్పుటయే గాక పెంచును గూడ. సొమ్ము మనది, ముస్తాబు మనది, జబ్బు కొన్నవానిది.

ఇచ్చట ఒకరు అడుగవచ్చును: సున్నము వేయుటయు కప్పుటయే గదా? పండుగకు వెల్ల వేయని యిల్లున్నదా? నిజమే. కాని వెల్లను చూచినవాడు "ఈ యింటికి వెల్ల వేసిరి" అని మాత్రమే తలచును. పుట్టీ పూసిన చెమ్మగోడను చూచినవాడు "ఈ గోడకు చెమ్మ లేదు" అని తలచును. మొదటి తలపు సత్యము, రెండవది అసత్యము. నోటితో పలుకకున్నను రెండవ తలపును పుట్టించుటకే మనము కూలి యిచ్చితిమి. గోడ చేత చెప్పించినంత మాత్రమున అబద్ధము మనది కాకపోదు.

కాలమును ఎన్నుకొనుటయు ఇట్టిదే. వైశాఖమున చూపిన మిద్దెయు భాద్రపదమున చూపిన మిద్దెయు ఒకటి గావు. యాజ్ఞవల్క్యస్మృతి కొన్న వస్తువును పరీక్షించుకొనుటకు గడువులు చెప్పినది: విత్తనములకు 10 దినములు, ఇనుమునకు 1, బరువు మోయు పశువునకు 5, రత్నములకు 7, పాడిపశువునకు 3. ఏ దోషము ఎంతకాలమునకు బయటపడునో ఎరిగిన లెక్క యిది. ఈ స్మృతికి మితాక్షరయను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణపురమున చాళుక్య విక్రమాదిత్యుని ఆశ్రయమున నుండెను. తరువాత బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున నున్నదియు ఆ కల్యాణముననే. మితాక్షరను 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయముగా తెనిగించెను. ఆ పద్ధతిలోనే యోచించినచో మిద్దెకు పరీక్షాకాలము ఒక నిండు వర్షర్తువు. అంతకాలము కొనువాడు ఆగజాలడు, అమ్మువాడు నిలువజాలడు. కావున వాన చెప్పవలసిన దానిని అమ్మువాడే చెప్పవలసియున్నది.

మన దేశపు చట్టమును ఇంచుమించుగా ఇదే చెప్పుచున్నది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, అమ్మువాడు తనకు తెలిసియుండి కొనువానికి తెలియనిదియు, సాధారణమైన జాగ్రత్తతో చూచినను కనిపెట్టరానిదియునైన ముఖ్యదోషమును తెలుపవలెను. తెలుపకుండుట మోసమే యని ఆ సెక్షనే పలుకుచున్నది. కంటికి కనబడు దోషమును చూచుకొనవలసిన భారము మాత్రము కొనువానిది. ఇందులోని మర్మము గ్రహింపదగినది. పెచ్చులూడిన గోడ కనబడు దోషము. దానిపై పుట్టీ పూసినంతనే అది కనబడని దోషమగును. వాడు కంటితో తెలుసుకొనవలసిన దానిని మన చేతులతో మనమే చెప్పితీరవలసిన దానిగా మార్చుకొనుచున్నాము. అట్లు మార్చి, చెప్పకయు ఊరకుందుము.

ఈ మాటలన్నియు ఫోనులో తమ్మునికి చెప్పితిని. వాడు బెంగుళూరులో లెక్కలు చూచు ఉద్యోగి. ఓపికగా విని, "అన్నా, నువ్వు చెప్పేది బాగానే ఉంది. కానీ నీ సత్యానికి ఖర్చు అక్కది. నీకు పెన్షన్ వస్తుంది, నాకు జీతం వస్తుంది, అక్కకు ఏమొస్తుంది?" అనెను.

ఈ ప్రశ్నకు నాయొద్ద వెంటనే సమాధానము లేకపోయెను. తన సొమ్ముతో ధర్మము చేయుట సులభము. పరుల నష్టముతో ధర్మాత్ముడనిపించుకొనుట వట్టి ఆడంబరము. రెండు రాత్రులు దీనినే తలపోసితిని. దోషమును దాచినందువలన మాత్రమే వచ్చు అధికమూల్యము అక్కది గాదు, నాదియు గాదు. అది కొనువాని జేబులోనిదే. లేనిదానిని అక్క కోల్పోవుట యెట్లు? తర్కము సరియే. కాని ఆ తర్కమును అక్కకు చెప్పకుండ నేనొక్కడనే నిర్ణయించుట గూడ ఒకవిధముగా దాచుటయే యని తోచెను. బస్సెక్కి ఆమె యొద్దకు పోయి ఉన్నదంతయు చెప్పితిని.

అక్క ధర్మశాస్త్రమును అడుగలేదు. "కొనేవాళ్ళు ఎవరంట?" అని అడిగెను. ఇంకను ఎవరును కుదరలేదని చెప్పితిని. కొంతసేపూరకుండి, "గోడ సంగతి నువ్వు చూసుకోరా. ఆ దూలం కింద మాత్రం పొయ్యి ఉంటుంది. ఎవరు కొన్నా అక్కడ నిలబడేది ఇంటామెనే" అనెను. నలువదియేండ్లు పొయ్యి ముందు నిలిచిన మనిషికి తోచిన ఈ భేదము నాకు తోచలేదు. గోడ దోషము కొన్నవానికి ఖర్చు. దూలము దోషము ప్రాణమునకు ముప్పు. మొదటిదానిని చెప్పి విడువవచ్చును. రెండవదానిని చెప్పి విడుచుట చాలదు. "చెప్పితిమి గదా" యని మనము తప్పుకొన్నను, ధర తగ్గినదను సంతోషముతో వారు దానిని ఏండ్లకొలది అట్లే యుంచుదురు.

కావున పీఓపీ మాట విడిచి, ఆ సొమ్ముతో చెదపట్టిన దూలము తీయించి ఇనుప గర్డరు వేయించితిని. మిగిలినదానితో పడమటి గోడను గోకించి మరల సున్నమే పూయించితిని. ముందు గోడలకు రంగు వేయుటకు పైకము చాలలేదు. గర్డరును కనబడకుండ చేయుదునా యని మేస్త్రి మరియొకమారు అడిగెను. వలదంటిని. కాయకమున పనియు శుద్ధముగా నుండవలెను, దానివలన వచ్చు కూలియు శుద్ధముగా నుండవలెను అను మాట మనము సభలలో తరచుగా వినుచుందుము. అయితే కప్పిపుచ్చు పనిని చేయించువాడు మేస్త్రి కాయకమును గూడ చెరచుచున్నాడని నాకు అదివరకు స్ఫురింపలేదు. దోషము బయటపడిన నాడు ఊరు తిట్టునది వానినే.

ముగ్గురు వచ్చి చూచిరి. ముగ్గురికిని గోడ సంగతి చెప్పితిని. మొదటివారు విని వెళ్ళి మరల రాలేదు. రెండవవారు వెంట వాస్తు తెలిసినవానిని తెచ్చిరి. ఆయన గోడను గాని గర్డరును గాని చూడక, మెట్లు ఏ దిక్కున నున్నవో మాత్రమే చూచి తలయూపి పోయెను. మూడవవాడు ఆటో నడుపుకొనువాడు, భార్యయు ఇద్దరు పిల్లలును. అతడు గోడపై అరచేయి ఆనించి చాలసేపు నిలిచి, "వానల్లో ఎంత ఎత్తుకు వస్తుంది సార్?" అని అడిగెను. చూపితిని. ఆమె వంటింటిలోనికి పోయి పైకి చూచి వచ్చెను. మరునాడు వచ్చి, గోడ నిమిత్తము మేమనుకొన్న ధరలో 1,20,000 రూపాయలు తగ్గించి కుదుర్చుకొనిరి.

అందు అక్క పాలిట తగ్గినది 40,000. నేను పైన వ్రాసిన తర్కము ప్రకారము అది ఆమె కోల్పోయినది గాదు, తిరిగి యియ్యనక్కరలేదు. అయినను అందు సగము నా పాలు నుండి ఆమెకు ఇచ్చితిని. తక్కిన సగము తాను పంపుదునని తమ్ముడు ఫోనులో చెప్పెను. ఇంకను పంపలేదు. నేనును అడుగలేదు.