ఒంటరిగా బతికితేనే పేరా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ చల్క నేలల మీద తొలకరి పడ్డప్పుడు లేచే వాసన ఎవరికి ఇష్టముండదు! ఆ వాసన నిజానికి మట్టిది కాదట, అందులో కాపురముండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులదట. చిటికెడు మట్టిలో అలాంటి జీవులు కోట్లలో ఉంటాయి. పేరున్నవి మాత్రం బహు కొద్ది.

పేరంటే మన బారసాలంత సులువు కాదండీ. ఆ జీవిని మట్టిలోంచి వేరుచేసి గాజుపళ్ళెంలో ఒక్కదాన్నే పెంచాలి. దాని తిండీ తీరూ, జన్యువులూ తెలిసిన జాతులతో పోల్చి, ఇది వేరని రుజువు చెయ్యాలి. రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో ప్రాణంతో దాచాలి. అప్పుడు రెండు ముక్కల పేరు. ముందు ఇంటిపేరు, వెనక సొంతపేరు, అచ్చం మన తెలుగువాళ్ళలాగే.

2005లో హైదరాబాదు నుంచి ఎగరేసిన బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గాలి పట్టి తెచ్చింది. సి.సి.ఎం.బి.లో ఎస్. శివాజీ బృందం అందులో మూడు కొత్త జాతులను గుర్తించి 2009లో ప్రకటించింది. ఒకదానికి ఆర్యభటుని పేరిట బాసిల్లస్ ఆర్యభట్టాయి అన్నారు. ఆ పత్రం రాసినవారిలో ఒకరైన పిండి పవన్ కుమార్ తరువాత మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆకాశంలో దొరికిన ఆ పిల్ల పంటల వేళ్ళ దగ్గర మట్టిలోనూ ఉంటుందని ఆ పైన చాలాచోట్ల తేలింది. 2020లో జన్యువుల లెక్క మళ్ళీ చూసి, ప్రీస్టియా అనే ఇంటికి పంపారు. ఇంటిపేరు మారింది. దాన్ని అడిగారా అంటారేమో, మనల్ని మాత్రం ఎవరడిగారు?

అది సరే. నన్ను పట్టుకున్నది ఆ "ఒక్కదాన్నే పెంచాలి" అన్న మాట. మట్టిలోని జీవుల్లో చాలా భాగం ఒంటరిగా పెరగవు. ఒకటి వదిలింది మరొకటి తిని, పదిమంది మధ్యన బతుకుతాయి. వాటికి "కాండిడేటస్", అంటే అభ్యర్థి అని తగిలించి గుమ్మం బయట కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళు కలుపు తీసినా ఊళ్ళో "ఎల్లయ్య పెండ్లాం", "సాయిలు తల్లి" గానే మిగిలినవాళ్ళు నాకు గుర్తొచ్చారు. నలుగురితో కలిసి బతకడం పేరుకు అనర్హతా?

శాస్త్రజ్ఞుల వైపూ న్యాయముంది. ప్రాణమున్న నమూనా చేతిలో లేకపోతే, రేపు మరొకరు సరిచూసేదెలా? 2022లో జన్యుక్రమం ఒక్కటే ఆధారంగా పేరు పెట్టే సీక్‌కోడ్ అనే నియమావళి వచ్చింది. మంచిదే. కానీ జన్యువులు చదివినంత మాత్రాన దాని కాపురం తెలిసినట్టేనా?

పల్లిచెట్టు పీకి చూడండి. వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. లోపలి సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకిస్తుంది, చెట్టు దానికి చక్కెర పెడుతుంది. గాజుపళ్ళెంలో పెరిగి పేరు తెచ్చుకున్నదీ ఆ జీవే, కానీ అక్కడ చాలామటుకు ఈ పని చెయ్యదు. బుడిపెను గోటితో చీలిస్తే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. ఆ ఎరుపు చెట్టు ఒక్కటే ఉంటే రాదు, ఆ జీవి ఒక్కటే ఉన్నా రాదు.