మద్యవిక్రయము కాయకమగునా?

కాయకమే శివపూజయని వీరశైవుల ఇండ్లలో పసిబిడ్డలు సైతము నేర్తురు. చేసిన ప్రతి పనియు కాయకమగునా యను ప్రశ్న మాత్రము అరుదుగా వినబడును. సూర్యాపేటలోనో కోదాడలోనో మద్యపు దుకాణము నడుపు భక్తుడొకడు తన లాభమునుండి కొంత మఠమునకు దాసోహముగా తెచ్చినచో స్వాములవారు స్వీకరింపవచ్చునా?

ప్రభుత్వము అనుమతించిన వ్యాపారమే కదా యని ఆతడనును. నిజమే. 2023లో తెలంగాణమున 2,620 దుకాణములకు లాటరీ జరిగినపుడు, తిరిగిరాని 2 లక్షల రూపాయల రుసుము చెల్లించి పెట్టిన దరఖాస్తులు లక్షకు మించినవి. అయితే ధర్మమునకు చట్టము తూనికరాయి యెట్లగును? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ ఉద్యమ ఫలితముగా ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో విదేశీ మద్యమునకును నిషేధము వచ్చినది, 1997లో అది సడలినది. 1996లో నేరమైన అమ్మకమే 1998లో వ్యాపారమైనది. సీసాలోనిది మాత్రము మారలేదు.

కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజల నేరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడాతడు వాడుకకంటె హెచ్చుగా తెచ్చెను. ఆనాటి అవసరమునకు మించినది తమకు వలదని భార్య లక్కమ్మ వెనుకకు పంపెను. రైసు మిల్లుల నడుమ బ్రతుకు మిర్యాలగూడ వారికి ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు. అచట పగలెల్ల బస్తాలు మోసిన హమాలీ సాయంకాలము కూలి అందుకొని, ఇల్లు చేరకమునుపే అందు సగము దుకాణమున విడిచినచో, అతని బిడ్డల కంచములో తగ్గిన బియ్యమే యజమాని లాభమగును. భార్య వడ్డీకి అప్పు తెచ్చును. పెద్దపిల్ల బడి మాని మిరపచేనికి పోవును. ఎవరును ఇచ్చి యుండని సొమ్మును దాసోహమనుట యెట్లు?

ఇక దేహము. ఇష్టలింగమును ధరించిన దేహము దేవాలయమని శరణుల మాట. మద్యమును కాలేయము మొదట ఎసిటాల్డిహైడను విషముగా మార్చును. ఏండ్లు గడచినకొలది కాలేయమున క్రొవ్వు చేరును, పిదప అది గట్టిపడును. తొలిదశలో నొప్పియే యుండదు గనుక త్రాగువాడు తనకేమియు కాలేదనుకొనును. మద్యము క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించినది. చిరకాలము మితిమీరి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో ఫిట్సు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. అతనికి వైద్యుడు కావలెను, తిట్లు కావు. అట్టివానిని పంక్తినుండి లేపి, అమ్మినవానికి వేదికపై శాలువా కప్పు పెద్దలు కొందరు కలరు. ఇది విపరీతము!

హెండద మారయ్య వృత్తి కల్లు అమ్ముట. శరణులాతనిని వెలివేయలేదు, ఆతడే త్రాగువారికి మాన్పించు బోధకుడయ్యెనని సంప్రదాయము. కావున దుకాణదారుని మఠము ఆదరింపవలెను, ఆతని ద్రవ్యమును వెనుకకు పంపవలెను. వేరు జీవనము వెదకుకొనుటకు తోడ్పడవలెను. అట్లు చేసిన సంవత్సరమున జాతరలో అన్నదానమునకు బియ్యము చాలక పోవచ్చును. ఆ లోటును ఎవరు పూడ్చెదరో మఠము తన భక్తులనే అడుగవలసి యుండును.