నగరానికి అందం, పేదవానికి గూడు

తాముంటున్న ఊరు అందంగా ఉండాలని కోరుకోనివారు ఎవరుంటారు? విశాలమైన రోడ్లు, చెత్తలేని వీధులు, పిల్లలు ఆడుకునే పార్కులు... ఇవన్నీ ప్రజలకు మేలు చేసేవే. బాటసారులకు బాధ కలిగించే వస్తువును దారి నుంచి తొలగించడం కూడా విశ్వాసంలో ఒక భాగమేనని దైవప్రవక్త (స) మనకు బోధించారు. కాబట్టి నగర సుందరీకరణను మనం కాదనలేం. అసలు ప్రశ్న వేరు. ఆ అందానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

2024లో హైదరాబాద్ మూసీ తీరాన అనేక ఇళ్ల గోడలపై అధికారులు ఎర్రరంగుతో గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ ప్రాంతంలో కొన్ని కుటుంబాలు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలివెళ్లాయి. వారి పాత ఇళ్లు నేలమట్టమయ్యాయి. మూసీ మురికికూపంగా మారిన మాట నిజమే. 1908 సెప్టెంబరులో అదే మూసీ ఉప్పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్న మాటా నిజమే. నది ఒడ్డున కాపురం ప్రమాదకరమే. కాని ఇల్లంటే కేవలం నాలుగు గోడలేనా? పిల్లల బడి, తండ్రి కూలిపని, ఆపదలో ఆదుకునే ఇరుగుపొరుగు, నడిచి వెళ్లగలిగే మస్జిద్, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు. గోడలకు బదులు గోడలు ఇచ్చినంత మాత్రాన లెక్క సరిపోదు.

ఆనాటి వరద తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డును నెలకొల్పింది. అది రోడ్లను వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ వంటి అందమైన బజారును నిర్మించింది. మురికివాడలను తొలగించడంతోపాటు పేదల కోసం ఇళ్లు కూడా కట్టించింది. అందాన్నీ, ఆశ్రయాన్నీ ఒకే పనిగా చూడవచ్చని మన నగర చరిత్రే చెబుతోంది.

మదీనాలో మస్జిద్ కోసం ఎంచుకున్న స్థలం సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా దైవప్రవక్త (స) అంగీకరించలేదు, వెల చెల్లించే తీసుకున్నారు. తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) మస్జిద్‌ను విస్తరించదలచినప్పుడు హజ్రత్ అబ్బాస్ (రజి) ఇల్లు అడ్డువచ్చింది. ఆయన ఇవ్వనన్నారు. ఖలీఫా బలప్రయోగానికి దిగలేదు. ఇద్దరూ హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి)ను మధ్యవర్తిగా ఎన్నుకున్నారు. తీర్పు ఖలీఫాకు వ్యతిరేకంగా వచ్చింది! ఆ తర్వాతే హజ్రత్ అబ్బాస్ (రజి) తన ఇంటిని ఇష్టపూర్వకంగా సమర్పించారు. దైవగృహం కోసమే బలవంతం చెల్లనప్పుడు, పార్కు కోసం, షాపింగ్ కాంప్లెక్సు కోసం చెల్లుతుందా?

మన దేశ చట్టం కూడా ఈ న్యాయాన్ని కొంతవరకు గుర్తించింది. 2013 నాటి భూసేకరణ చట్టం నష్టపరిహారంతోపాటు పునరావాసాన్ని కూడా తప్పనిసరి చేసింది. కూల్చివేతకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదీతీరాల్లోని అక్రమ కట్టడాలకు ఈ ఆదేశం వర్తించదు. పేదలు ఎక్కువగా తలదాచుకునేది అక్కడే!

"వారికి కాగితాలు లేవు కదా" అంటారు కొందరు. నది స్థలాన్ని ప్లాట్లుగా కోసి అమ్మినవాడు లాభం తీసుకుని వెళ్లిపోయాడు. ఇంటిపన్ను వసూలు చేసినప్పుడు, కరెంటు మీటరు బిగించినప్పుడు ఎవరూ కాదనలేదు. ఇన్నేళ్ల తర్వాత శిక్ష మాత్రం కొన్నవాడికేనా? తప్పులో అందరికీ భాగం ఉన్నప్పుడు, నష్టంలో కూడా అందరూ భాగం పంచుకోవడమే న్యాయం.

ఇదంతా ప్రభుత్వానికి మాత్రమే చెబితే మనం సగం మాటే చెప్పినట్లు. మన ఇంటి మెట్లు వీధిలోకి ఎంత జరిగాయి? మన దుకాణం సామాను ఫుట్‌పాత్‌ను ఎంత ఆక్రమించింది? నాలాలో చెత్త వేసిన చేతులు ఎవరివి? జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాడికి ప్రళయదినాన అది ఏడు భూముల హారమై మెడకు చుట్టుకుంటుందన్న హెచ్చరిక అధికారికీ వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది.

కనుక మన వీధిని మనమే శుభ్రంగా ఉంచుదాం. ఆక్రమించినదాన్ని ఎవరూ అడగకముందే వదిలేద్దాం. గోడపై ఎర్రగుర్తు పడిన పొరుగువానికి, అతను ఏ మతస్థుడైనా, తోడుగా నిలబడదాం. నోటీసు చదివిపెడదాం, కార్యాలయానికి వెంట వెళదాం, కొత్తచోట పిల్లలను బడిలో చేర్పిద్దాం. ఒకరి కన్నీటి మీద కట్టిన అందం చూసేవారి కళ్లకు అందమే కావచ్చు. అల్లాహ్ సన్నిధిలో మాత్రం అది లెక్క చెప్పవలసిన అప్పు.